పేలే చక్కెర

7వ తేదీ, సోమవారం

ఇవాళ మా ఆవిడ హ్యాండ్‌బ్యాగులో పేలే చక్కెర పొట్లం కనిపించింది. నేను వెతకలేదు. బీరువా తాళం అడిగితే "బ్యాగులో ఉంది, తీసుకోండి" అని తనే అంది. తాళం పక్కనే ఉంది పొట్లం. ఖాళీది. నీటుగా మడతలు పెట్టి ఉంది.

నోట్లో వేసుకుంటే టపటపమని పేలుతుంది ఆ చక్కెర. పిల్లలు కొంటారు. ఈ ఊళ్ళో అది దొరికేది మా స్టోర్లోనే, అదీ నేను చూసే మిఠాయిల వరసలోనే. పాతకాలపు పిప్పరమెంట్లు, నిమ్మతొనలు, పైదేశాల చాక్లెట్లు, ఈలవేసే లాలీపాప్‌లు, నాలుకను నీలం చేసే బిళ్ళలు, అన్నీ నా చేతి మీదుగానే అరల్లోకి ఎక్కుతాయి. మా ఆవిడ ఆ వరస వైపు తొంగిచూడదు. తనకి తీపి పడదు. పెళ్ళైన కొత్తలో నేను మోసుకొచ్చిన చాక్లెట్లన్నీ చీమలే తిన్నాయి.

మరి ఇది ఎవరిచ్చారు?

అడగలేదు. నేను అనుమానించే మనిషిని కాను. ఊరికే రాసిపెట్టుకుంటున్నాను.

9, బుధవారం

జ్వరం నుంచి లేచాక మా ఆవిడ మారింది. అంతకుముందు వంటింట్లోంచి "ఏమండీ, ఒక్కసారి ఇలా రండి" అని పిలిచి, గిన్నె మూత తీసి నా ముఖం ముందు పెట్టేది. "ఆ వాసన చూడండి" అనేది గర్వంగా. ఆఫీసు క్యాంటీన్లో అన్నేళ్ళుగా పెద్ద వంటమనిషి. గర్వం ఉండాల్సిందే.

ఇప్పుడు పిలవడం లేదు. వంటింటి తలుపు దగ్గరగా వేసుకుంటోంది. అడిగితే "పొగ వస్తుందని" అంటుంది. పొగ ఎక్కడుంది?

కూరలో ఉప్పు కషాయం. మనసు ఒకచోట, చెయ్యి ఒకచోట ఉంటే ఇంతే.

"బాగుంది" అన్నాను. నా ముఖం వంక పట్టిపట్టి చూసింది, నేను దొంగనన్నట్టు.

10, గురువారం

ఒక పెద్దాయన నిమ్మతొనల డబ్బా పట్టుకుని నా మీదికొచ్చాడు. చిన్నప్పుడు బడి దగ్గర కొనుక్కున్నవే కావాలని నెలల తరబడి అడిగి తెప్పించుకున్నాడు. ఒకటి నోట్లో వేసుకుని, "ఇది అది కాదు, మార్చేశారు. మోసం" అన్నాడు.

నా వరసకొచ్చే పెద్దవాళ్ళలో సగం మందిది ఇదే గొడవ. చిన్నతనాన్ని వెతుక్కుంటూ వస్తారు, దొరక్కపోతే కంపెనీని తిడతారు. నేను ఎప్పుడూ చెప్పే మాటే చెప్పాను: "బిళ్ళ అదేనండీ. మారింది మీ నాలుక."

ఆయన డబ్బా అక్కడే పెట్టేసి వెళ్ళిపోయాడు. మూత తీసింది కాబట్టి ఇక అమ్ముడుపోదు. నేనే తిన్నాను. బాగానే ఉన్నాయి.

13, ఆదివారం

చెత్తబుట్టలో ఇంకో కాగితం. ఈసారి నల్ల ఉప్పు బిళ్ళది.

అది ఏదో చలిదేశపు సరుకు. తారులాగా నల్లగా ఉంటుంది, ఉప్పూ చేదూ కలిసి గొంతు పట్టుకుంటుంది. అక్కడివాళ్ళు ఇష్టంగా తింటారట. మా దగ్గర ఎవరూ కొనరు. విమానం మాత్రం "కొత్త రుచి అన్నా, అలవాటు చెయ్యాలి" అంటూ ఉచిత శాంపిళ్ళు జేబుల్లో వేసుకు తిరుగుతాడు.

విమానం అంటే మాకు పైదేశాల మిఠాయిలు వేసే సప్లయరు. ప్రతి దేశం గురించీ నిన్ననే చూసొచ్చినట్టు చెబుతాడు. ఎక్కింది తన వ్యాను తప్ప ఇంకేమీ లేదు. అందుకే ఆ పేరు. నలభై దాటినా పెళ్ళి లేదు. జుట్టుకి నూనె, చొక్కాకి ఇస్త్రీ, నోటినిండా నవ్వు. నన్ను అన్నా అంటాడు. మా ఆవిడని వదినా అంటాడు.

14, సోమవారం

విమానం వచ్చాడు. పెట్టెలు దింపుతుంటే మాటల మధ్యలో అడిగాను.

"ఆ నల్ల బిళ్ళ ఎవరైనా తింటున్నారా?"

"తినేవాళ్ళు తింటున్నారన్నా."

"ఎవరు?"

వంగి అట్టపెట్టె టేపు చింపసాగాడు. "ఉంటారు కదా" అన్నాడు. ఎప్పుడూ కళ్ళలోకి చూసి మాట్లాడే మనిషి, ఇవాళ టేపుతో మాట్లాడాడు.

16, బుధవారం

స్టోరు వెనక సరుకు దింపే చోట వ్యాను ఆగి ఉంది. దాని పక్కన మా ఆవిడ. క్యాంటీన్లో ఉండాల్సిన సమయం.

నేను గోదాములోంచి, తలుపు సందులోంచి చూశాను. వాడు ఒక కవరు ఇచ్చాడు. ఆమె దాన్ని బ్యాగులో అడుగుకి తోసింది. ఏదో అంది. వాడు చెయ్యి గుండె మీద పెట్టుకుని తల ఊపాడు. గుండె మీద!

సాయంత్రం "ఇవాళ క్యాంటీన్ ఎలా ఉంది?" అని అడిగాను. "ఎప్పటిలాగే, కదల్లేదు" అంది.

నిప్పు లేనిదే పొగ రాదు.

18, శుక్రవారం

వదిన! ఆ మాటకి ఈ రోజుల్లో విలువేముంది.

19, శనివారం

ఇవాళ ఒక పరీక్ష పెట్టాను. నా తెలివికి నేనే మెచ్చుకోవాలో, సిగ్గుపడాలో తెలియడం లేదు.

మా దగ్గర ఒక పుల్లటి బిళ్ళ ఉంది. పందేలు కాసి తినేవాళ్ళ కోసం చేసింది. నాలుక మీద పెడితే కళ్ళు మూసుకుపోతాయి, దవడలు మెలిపడతాయి. కిందటేడు క్యాషియరు తిని కౌంటరు మీద దబదబ బాదాడు. దాన్ని కాగితం ఒలిచి పాల చాక్లెట్ కాగితంలో చుట్టాను. రెండూ ఒకే సైజు. సాయంత్రం టీ తాగాక "కొత్తగా వచ్చింది, రుచి చూడు" అని ఇచ్చాను. ఆ ముఖం ఒక్కసారైనా నిజం చెప్పాలని.

కాగితం విప్పి, చూడకుండానే నోట్లో వేసుకుంది. నేను కళ్ళార్పలేదు. చప్పరించింది. కనుబొమ్మ కూడా కదల్లేదు.

"ఎలా ఉంది?"

"తియ్యగా ఉంది. పాలవాసన బాగా వస్తోంది" అంది. నవ్వింది కూడా.

ఇంత పులుపుని నవ్వుతూ మింగిన మనిషి దేన్నైనా దాచగలదు. ఇన్నేళ్ళూ నేను కాపురం చేసింది ఒక నటితో.

21, సోమవారం

మేనేజరుతో చెప్పాను. విమానం పాత సరుకు వేస్తున్నాడని, తేదీలు దాటినవి కలుపుతున్నాడని. వ్యాను ఇక రావద్దని ఫోన్ చేయించాడు.

అది నిజమో కాదో నేను చూడలేదు. చూస్తే ఉండేవేమో. పైదేశాల సరుకు కదా.

22, మంగళవారం

అన్నం వడ్డిస్తూ అడిగింది: "విమానం ఈ వారం రాలేదా?"

కంచం పక్కకి జరిపాను.

"వాడి సంగతి నీకెందుకు?"

"ఊరికే అడిగాను. దానికే అంత ఉలుకా?" అంది.

ఊరికే! నాకూ అన్నీ ఊరికేనే.

24, గురువారం

స్నానాల గదిలోంచి ఫోన్ మాటలు వినిపించాయి. "ఎవరికీ చెప్పకు. ముఖ్యంగా మా ఆయనకి. రేపు మధ్యాహ్నం నేను ఇంట్లోనే ఉంటాను."

తర్వాత నాతో చెప్పింది, రేపు సెలవు పెట్టానని, ఒళ్ళు నొప్పులని.

రేపు మధ్యాహ్నం నాక్కూడా ఇంటికి దారి తెలుసు.

25, శుక్రవారం

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

భోజనాల వేళ కౌంటరు అప్పజెప్పి ఇంటికి వచ్చాను. మెట్లు చప్పుడు కాకుండా ఎక్కాను. తలుపు బయట ముందు చెప్పులు చూశాను. ఆమె చెప్పులు ఒక్కటే ఉన్నాయి. లోపలికి తీసుకెళ్ళి దాచారేమో అనుకున్నాను. ఆ మాట కూడా రాసేస్తున్నాను. తాళంచెవి మెల్లగా తిప్పాను.

తలుపు తీయగానే గుప్పుమంది గ్యాసు. ముక్కు మండిపోయింది. వంటింట్లో పాలు పొంగి పొయ్యి నిండా ఒలికి ఉన్నాయి. మంట ఆరిపోయింది, మీట తిప్పే ఉంది. ఆవిడ పక్క బర్నరు మీద టీగిన్నె పెట్టి, చేతిలో లైటరు పట్టుకుని ఉంది.

"వెలిగించకు!"

నా గొంతే నాకు కొత్తగా వినిపించింది. వెళ్ళి మణికట్టు పట్టుకున్నాను. లైటరు కింద పడింది. మీట కట్టేసి, కిటికీలు తోసి, ఆమెని ఈడ్చుకుంటూ బాల్కనీలోకి తెచ్చాను.

"ఏమైందండీ? ఏంటిది? చెయ్యి విరిచేస్తారా?"

"వాసన రావట్లేదా నీకు?"

"ఏం వాసన?"

"గ్యాసు! ఇల్లంతా గ్యాసే! వీధిదాకా వస్తోంది!"

నావైపు చూసింది. తర్వాత గాలిలోకి ముఖం ఎత్తి గట్టిగా పీల్చింది, ఇంకోసారి పీల్చింది. మెల్లగా గోడకి ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది.

"రావట్లేదు" అంది. "జ్వరం తగ్గినప్పట్నుంచీ ఏ వాసనా రావట్లేదు. రుచి కూడా లేదు. అన్నం తింటే తడిగుడ్డ నమిలినట్టుంది."

కిటికీలోంచి వంటింటి గట్టు మీద పళ్ళెం కనిపిస్తోంది. అందులో వరసగా నల్ల ఉప్పు బిళ్ళ, ఘాటు పిప్పరమెంటు, మిరపకాయ చాక్లెట్, పుల్లటి బిళ్ళ. పక్కన గ్లాసుడు నీళ్ళు.

"వాడి దగ్గరున్న వాటిల్లో అన్నిటికన్నా ఘాటైనవి ఇవ్వమని విమానాన్ని అడిగాను. ఏదో ఒకటి తగలకపోతుందా అని. రోజూ వేసుకుని చూస్తున్నా. ఏదీ తగలట్లేదు."

"పేలే చక్కెర?"

"అదొక్కటే తెలుస్తుంది. రుచి కాదు, ఆ పేలడం. పొద్దున్నే క్యాంటీన్‌కి పోయే ముందు వేసుకుంటాను. నోరనేది ఒకటి ఉందని గుర్తుకి."

అప్పుడు ఏడ్చింది. నేను పక్కన కూర్చున్నాను.

"నాకెందుకు చెప్పలేదే?"

"మీ నోట్లో నువ్వుగింజ నానదు. మా అక్కకి చెబుతారు, మీ స్టోర్లో చెబుతారు, సాయంత్రానికి క్యాంటీన్ దాకా వెళ్తుంది. నాలుక లేని వంటమనిషిని ఎవరుంచుకుంటారు? క్యాంటీన్లో నా కింద పనిచేసే ఆ కళ్ళజోడావిడ ఉప్పూ కారం చూసి పెడుతోంది కాబట్టి ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చాను. నిన్న ఫోన్ చేసి బతిమాలుకున్నది కూడా ఆవిడనే. ఇవాళ డాక్టరు ఫోన్లో మాట్లాడతానన్నాడు, అందుకే సెలవు."

కళ్ళు తుడుచుకుని, "మొన్న మీరిచ్చిన పాల చాక్లెట్ కూడా తెలియలేదు. పాలది కదా అని తియ్యగా ఉందన్నాను. బాధపడతారని" అంది.

"ఫర్వాలేదు" అన్నాను.

26, శనివారం

అంత పులుపుకి నాలుక పగిలి ఉండాలి. నోరు తెరిచి చూపించమందామనుకున్నాను. ఏమని అడగను?

28, సోమవారం

డాక్టరు దగ్గరికి ఇద్దరం వెళ్ళాం. జ్వరాల తర్వాత కొందరికి ఇలా అవుతుందట. రావచ్చు, ఎప్పుడొస్తుందో చెప్పలేమన్నాడు. రోజూ ఘాటైన వాసనలు చూస్తూ ముక్కుకి గుర్తుచేస్తూ ఉండమన్నాడు. ఇంట్లో గ్యాసు కనిపెట్టే పరికరం బిగించమన్నాడు. బిగించాను.

తిరిగి వస్తుంటే బస్సులో అడిగింది.

"శుక్రవారం మధ్యాహ్నమే ఎందుకొచ్చారు ఇంటికి?"

"తలనొప్పిగా ఉంటేనూ."

"దేవుడే పంపినట్టున్నాడు" అంది. నా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి నాకు బరువుగా ఉంది.

30, బుధవారం

దొరికిపోయాను.

విమానం ఫోన్ చేశాడట. "వదినా, నా సరుకు పాతదని అన్న చెప్పాడంట. నేనేం తప్పు చేశాను? నీ సంగతి ఎవరితోనూ అనలేదే" అని గోలపెట్టాడట.

నేను ఇంటికి వచ్చేసరికి కుర్చీలో కూర్చుని ఉంది. టీ ఇవ్వలేదు.

"ఆ రోజు తలనొప్పి కాదు కదా?"

గోదాము తలుపు సందులోంచి చూసిందీ, స్నానాల గదిలోంచి ఫోన్ మాటలు విన్నదీ చెప్పాను.

"వాడితోనా? విమానంతోనా?" నవ్వొచ్చింది ఆవిడకి. "వాడు నన్ను వదినా అంటాడు!"

"అదే…"

"అదేనా మీ సాక్ష్యం?" గట్టిగా నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే తెగిపోయింది. "నాలుక పోయి నేను స్నానాల గదిలో ఏడుస్తుంటే, మీరు తలుపుకి చెవి పెట్టి వింటున్నారా?"

చాక్లెట్ సంగతి కూడా చెప్పేశాను. అడక్కుండానే చెప్పాను. ఎలాగూ దొరికిపోయాను కదా అని. అప్పుడు మాత్రం నవ్వలేదు. లేచి, నోట్లో పైదవడ మీద ఏదో తడుముకుని, "పుండు ఎందుకైందా అనుకున్నాను" అంది.

ఆ అనుమానమే ఆ రోజు నిన్ను బతికించింది అనే మాట నా నోటిదాకా వచ్చింది. అనలేదు. ఇంత జరిగాక నాకొచ్చిన తెలివి అదొక్కటే.

పడుకోబోయే ముందు అంది: "నా నాలుకా మీ బుద్ధీ ఒకేసారి పోయాయి. ఏది ముందు తిరిగొస్తుందో చూద్దాం."

2వ తేదీ, శనివారం

మేనేజరు దగ్గరికెళ్ళి చెప్పాను. విమానం సరుకులో తప్పు లేదని, నేను చూడకుండా అన్నానని. ఎందుకన్నావని అడిగాడు. "వ్యక్తిగతం" అన్నాను. అందరి ముందూ పెట్టాల్సిన చీవాట్లన్నీ పెట్టాడు. వినాల్సినవే.

విమానానికి ఫోన్ చేస్తే మొదట ఎత్తలేదు. తర్వాత ఎత్తి, "అన్నా, ఒక్క మాట అడిగి ఉంటే పోయేది కదా" అన్నాడు. ఏం అనుమానించానో వాడికి తెలుసో లేదో నాకు తెలియదు. తెలిసే ఉంటుంది. "వదినకి ఎలా ఉంది?" అన్నాడు. "అలాగే ఉంది" అన్నాను. వచ్చే సోమవారం వ్యాను వస్తుంది.

5, మంగళవారం

క్యాంటీన్లో తనే చెప్పేసింది. నేను వెంట వస్తానన్నాను, వద్దంది.

సూపర్‌వైజరు విని, "నెల నుంచీ వంటలు తేడాగా ఉన్నాయని అందరూ అంటుంటే, కొత్త ఉప్పు బాలేదనుకున్నాను" అన్నాడట. ఉండమన్నాడు. రుచి చూడటం కళ్ళజోడావిడ పని. పొయ్యి దగ్గర ఒంటరిగా నిలబడకూడదు. కొన్నాళ్ళు చూద్దాం అన్నాడు.

"నా కింద కూరగాయలు తరిగిన మనిషి ఇవాళ చెంచా ముంచి, 'ఇంకాస్త మగ్గాలి' అని నాకు చెప్పింది" అంది మా ఆవిడ.

9, శనివారం

వాసన వచ్చింది! తిరగబడి వచ్చింది. పొద్దున్న కాఫీ దగ్గర పెట్టగానే ముఖం తిప్పేసుకుంది, రబ్బరు కాలుతున్నట్టుందని. సబ్బు కిరసనాయిలు అంది. నేను దగ్గరికి వెళ్తే, "అబ్బా, దూరం" అంది. నేను కూడా కాలిన రబ్బరేనట.

డాక్టరుకి ఫోన్ చేస్తే సంతోషించాడు. నరాలు మళ్ళీ లేస్తున్నాయట, మొదట్లో తప్పుగా చెబుతాయట, మంచి గుర్తేనట.

మా ఆవిడ దిండు తీసుకుని ముందుగదిలోకి వెళ్ళిపోయింది.

10, ఆదివారం

ముక్కా, కోపమా?

మూడుసార్లు స్నానం చేశాను. ఉతికిన చొక్కా వేసుకున్నాను. అయినా రబ్బరే. పక్కింటాయన వచ్చి కుర్చీలో కూర్చుంటే ఆయన దగ్గర ముక్కు మూసుకోలేదు మరి. మర్యాద కోసమా?

ఆయన తువ్వాలు మా బాల్కనీలోకి ఎగిరి పడింది. దాన్ని భుజాన వేసుకుని ఆమె దగ్గరికి వెళ్తే తేలిపోతుంది. చేతిలోకి తీసుకున్నాను కూడా. కాసేపు అలాగే నిలబడి, వెళ్ళి వాళ్ళ తలుపు గొళ్ళేనికి తగిలించి వచ్చాను.

ముక్కే అంది కాబట్టి ముక్కే.

11, సోమవారం

ముక్కే.

13, బుధవారం

ఇద్దరికీ సెలవు. మధ్యాహ్నం వంటింట్లోంచి పిలిచింది, "ఇలా రండి" అని. చాలా రోజులైంది ఆ పిలుపు విని. వెళ్ళాను. ఎడమచేత్తో ముక్కు మూసుకుని, కుడిచేత్తో గరిటె నా వైపు చాచింది, ఎంత దూరం చాచగలదో అంత దూరం.

"చూడండి."

చూశాను. "బాగుంది."

"బాగుందని నాకు చెప్పకండి. ఎలా ఉందో చెప్పండి."

"చప్పగా ఉంది. ఉప్పుకి భయపడినట్టున్నావు."

గరిటె తీసుకుని, ఉప్పు వేసి, కలిపింది. మళ్ళీ చాచింది. ఇంకొంచెం పడాలన్నాను. ఇంకొంచెం వేసింది. మూడోసారి చాచింది.

"ఇప్పుడు?"

"సరిపోయింది."

గరిటె పట్టుకుని నా ముఖంలోకి చూస్తూ నిలబడింది. ఆ చూపు నాకు తెలుసు. తలుపు సందులోంచి నేను తనని చూసిన చూపే అది. నేను అబద్ధం చెప్పానో నిజం చెప్పానో తెలుసుకోవడానికి తనకి నాలుక లేదు. ఇంకోసారి అడుగుతుందనుకున్నాను. ఒట్టు వేయమంటుందనుకున్నాను.

మూత పెట్టి, పొయ్యి కట్టేసింది.

"కంచాలు పెట్టండి" అంది.